అంగడాయన అప్పు ఆపేస్తే వంటెట్ల?

ప్రశ్న: ఉరవకొండ దగ్గర పల్లెలో బడి వంట చేస్తున్నా. బియ్యం, గుడ్లు బడికే వస్తాయి. బ్యాళ్లు (పప్పు), నూనె, కూరగాయలు మేమే కొనాల. మూడు నెలలుగా బిల్లు రాలేదు, అంగడాయన అప్పు ఆపేసినాడు. ఏం చేయాల?
– ఒక వంటమ్మ

జవాబు: అమ్మా, నేనూ అనంతపురంలో పన్నెండేళ్లు బడులకు సరుకులు వేసినోణ్ణే. ఆ అంగడాయన మీద కోపం పెట్టుకోవద్దు, ఆయన కూడా మండీలో బాకీ కట్టుకోవాల. ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లలకు తలా 30 గ్రాముల బ్యాళ్లు, 75 గ్రాముల కూరగాయలు లెక్క. ఎనభై మంది ఉన్నారనుకుంటే రోజూ 2.4 కిలోల బ్యాళ్లు, 6 కిలోల కూరగాయలు. మూడు నెలలు చేతి డబ్బుతో ఎవరు మోస్తారు?

బిల్లు వచ్చేది తిన్న పిల్లల లెక్క మీద. మీకంటూ ఒక నోటుబుక్కు పెట్టుకొని ఏ రోజు లెక్కకు ఆ రోజే హెడ్మాస్టరు సంతకం తీసుకోండి. నెలాఖరుకు చూద్దాంలే అని నేను పదకొండు రోజుల డబ్బు పోగొట్టుకున్నా. ఆ నోటుబుక్కు జిరాక్సుతో ఎంఈవోకు (మండల విద్యాధికారికి) అర్జీ ఇవ్వండి. కదలకపోతే సోమవారం కలెక్టరేటులో ఇచ్చి రసీదు అడగండి.

టమోటా ధర మండిపోతే గోంగూర, సొరకాయ వేయండి. బ్యాళ్లు మాత్రం తగ్గించొద్దు తల్లీ, పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలు మీ బడిలోనూ ఉంటారు.