ఎక్స్‌రే బాగుంటే కీలు బాగున్నట్టేనా? హీమోఫీలియా పిల్లలకు కీళ్ల అల్ట్రాసౌండ్

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు, 20 కిలోలు. హీమోఫీలియా ఎ, సివియర్. తెనాలి దగ్గర ఉంటాం. ఈ ఏడాది కుడి చీలమండ రెండుసార్లు వాచింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు. అల్ట్రాసౌండ్ తీయించమని ఒకరు, అది కడుపుకి తీసేది కదా అని ఇంకొకరు. తీయించాలా? గుంటూరా, విజయవాడా?

జవాబు:

తీయించండి. గుంటూరా విజయవాడా అన్నది తర్వాత చూద్దాం. ఎక్కడ తీయించారన్నదానికన్నా ఏం అడిగి తీయించారన్నది ముఖ్యం. పిల్లల కీళ్ల స్కానింగులు చేసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను: హీమోఫీలియా పిల్లల రిపోర్టుల్లో తరచూ కనబడే మాట "కీల్లో నీరు లేదు, నార్మల్". ఆ ఒక్క ముక్క మీ బాబుకి చాలదు.

ఎక్స్‌రేలో కనబడేది ఎముక. హీమోఫీలియాలో రక్తం సరిగా గడ్డకట్టదు, అందుకే కీల్లోకి కారుతుంది, కీలు వాస్తుంది. అలా వచ్చిన రక్తం ముందు పాడుచేసేది ఎముకని కాదు, కీలు లోపల పరుచుకుని ఉండే పల్చటి పొరని. దాన్ని సైనోవియం అంటాం. చేరిన రక్తాన్ని పీల్చి శుభ్రం చేసే పని దానిదే. పీల్చగా మిగిలిన ఇనుము మాత్రం ఆ పొరలోనే ఉండిపోతుంది. దాంతో పొర ఉబ్బి మందమెక్కుతుంది, అందులో కొత్తగా సన్నటి రక్తనాళాలు పుట్టుకొస్తాయి. అవి బలం లేని నాళాలు, కాస్త నలిగినా చిట్లుతాయి. మళ్లీ రక్తం, మళ్లీ ఇనుము. ఈ గానుగ తిరిగేకొద్దీ ఎముకల చివర్లని కప్పి ఉండే గుజ్జు (కార్టిలేజ్) దెబ్బతింటుంది, ఎముక అంచులు పాడవుతాయి. ఎక్స్‌రేలో తేడా కనబడేది అప్పుడే. పొర ఉబ్బిన దశలో పట్టుకుంటే వెనక్కి తిప్పడానికి వీలుంటుంది. పోయిన గుజ్జుని తెచ్చివ్వలేం.

"బాగానే నడుస్తున్నాడు" అన్నది కూడా భరోసా కాదండి. 2007లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో పిల్లలకు ఆరేళ్లు వచ్చేసరికి ఎమ్మారై తీశారు. రోజు విడిచి రోజు ముందుజాగ్రత్తగా ఫ్యాక్టర్ 8 (రక్తం గడ్డకట్టడానికి కావాల్సింది, హీమోఫీలియా ఎ లో లోపించేది అదే) తీసుకున్నవాళ్లలో 93 శాతం మందికి కీళ్లు బాగున్నాయి, రక్తం వచ్చినప్పుడే తీసుకున్నవాళ్లలో 55 శాతం మందికి. రక్తం వచ్చినట్టు ఎవరూ గుర్తించని కీళ్లలో కూడా కొన్నిచోట్ల దెబ్బ కనబడింది. ఎమ్మారై అన్నిటికన్నా లోతుగా చూపిస్తుంది, నిజమే. కానీ చిన్నపిల్లలకు మత్తు ఇవ్వాల్సి వస్తుంది, మోచేతులు, మోకాళ్లు, చీలమండలు ఆరింటికీ తీయడం జరిగేపని కాదు. అల్ట్రాసౌండ్‌కి మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు, పరగడుపున రానక్కర్లేదు. నిక్కరు వేసి తీసుకురండి, అంతే.

తెర మీద ఏం చూస్తామో మీ బాబు చీలమండతోనే చెబుతాను. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, అరికాలు మంచానికి ఆనేలా పెట్టిస్తాం. అప్పుడు కాలి ఎముక కింద, చీలమండలో ఉండే టేలస్ ఎముక గుండ్రటి భాగం ముందుకొస్తుంది. చర్మం మీద ఆనించి చూసే ప్రోబ్‌ని చీలమండ ముందు నిలువుగా పెడతాం. కాలి ఎముక చివర, దాని పక్కనే టేలస్ వంపు, తెల్లటి గీతల్లా కనబడతాయి. ఆ వంపు మీద సన్నటి నల్ల పట్టీ ఒకటుంటుంది, అదే గుజ్జు. రెండు ఎముకల మధ్య పల్లంలో చిన్న కొవ్వు ముద్ద ఉంటుంది. దాని కింద ఏదైనా చేరి దాన్ని పైకి నెట్టిందా అన్నది ముందు చూస్తాం. నెట్టి ఉంటే అది నీరా, రక్తమా, ఉబ్బిన పొరా? ప్రోబ్‌తో మెల్లగా నొక్కాలి. నీరు పక్కకి జారిపోతుంది. తాజా రక్తమైతే నొక్కి వదలగానే పల్చటి జావలో నూకలు తిరిగినట్టు చుక్కలు కదులుతాయి. పొర పెద్దగా కదలదు, రక్తం పారే చోటుని రంగులో చూపే పవర్ డాప్లర్ వేస్తే అందులో ఎర్రటి చుక్కలు మెరవచ్చు. గడ్డకట్టిన రక్తం మాత్రం అచ్చం పొరలాగే బూడిదరంగులో ఉండి మోసం చేస్తుంది. డాప్లర్ చుక్కలు లేనంత మాత్రాన అది పొర కాదని చెప్పలేం. అందుకే మొదటి స్కానింగు రక్తం వచ్చిన వారంలో వద్దంటాను. వాపు పూర్తిగా తగ్గి, ఆరు వారాలు గడిచాక తీస్తే అసలు సంగతి తెలుస్తుంది.

లెక్క వేసే పద్ధతి ఒకటుంది, పేరు హెడ్-యూఎస్. ఇటలీలోని జెనోవా వైద్యులు రూపొందించారు, 2013లో ప్రచురించారు. రెండు మోచేతులు, రెండు మోకాళ్లు, రెండు చీలమండలు చూడాలి. ఒక్కో కీలుకి పొర ఉబ్బుకి 0 నుంచి 2, గుజ్జుకి 0 నుంచి 4, ఎముకకి 0 నుంచి 2. కీలుకి గరిష్ఠం 8, మొత్తం 48. ఈ లెక్కలో నీరు రాదు, డాప్లర్ రాదు, కాబట్టి ఆ రెండూ రిపోర్టులో విడిగా రాయించుకోవాలి. నొప్పి ఉన్న కాలు ఒక్కటే చూపిస్తామంటే ఒప్పుకోకండి. తల్లిదండ్రులు కుడి చీలమండ కోసం వస్తే ఎడమ మోచేతిలో పొర బయటపడడం ఈ పనిలో కొత్తేమీ కాదు.

ఇక తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది ప్రోబ్. కడుపుకి వాడే వంపు ప్రోబ్‌తో పిల్లల కీలు చూడలేం. ముఖం తిన్నగా ఉండే లీనియర్ ప్రోబ్ కావాలి, 12 మెగాహెర్ట్జ్, ఇంకా పైనుంటే మరీ మంచిది. రెండోది చేతి బరువు. గట్టిగా అదిమితే ఉన్న కొంచెం నీరు పక్కకి పోతుంది, డాప్లర్ చుక్కలూ మాయమవుతాయి. జెల్ దండిగా పోసి ప్రోబ్ దాని మీద తేలినట్టు పట్టుకోవాలి. మూడోది వాలు. శబ్ద తరంగం గుజ్జుకి నిలువుగా తగలకపోతే బాగున్న గుజ్జు అంచు కూడా చెరిగిపోయినట్టు కనబడుతుంది. మోకాలి గుజ్జు చూడాలంటే కాలు పూర్తిగా మడవాలి, పొర చూడాలంటే 30 డిగ్రీలు వంచితే చాలు. ఒకే భంగిమలో రెండూ చూశామంటే ఏదో ఒకటి సరిగా చూడనట్టే.

పిల్లల్లో ఇంకో చిక్కుంది, పెద్దల కీళ్లు మాత్రమే చూసే డాక్టర్లు ఇక్కడే తడబడతారు. ఎదిగే పిల్లల ఎముక చివర చాలాభాగం ఇంకా గుజ్జుగానే ఉంటుంది. మూడేళ్లవాడి గుజ్జు పదేళ్లవాడి కన్నా బాగా మందం. అందులో రక్తనాళాల దారులు తెల్ల చుక్కల్లా కనబడతాయి, అది జబ్బు కాదు. ఎముక కట్టుకుంటున్న చోట అంచు గరుకుగా ఉంటుంది. మోచేతిలో ట్రోక్లియా అనే భాగం ఎనిమిది, తొమ్మిదేళ్లప్పుడు ముక్కలు ముక్కలుగా కట్టుకోవడం మామూలే. దాన్ని "ఎముక తినేసింది" అని రాసిన రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ కుంగిపోనక్కర్లేదు. రెండో వైపు కీలుతో పోల్చారా అని అడగండి. రెండువైపులా ఒకేలా ఉండి, పొర ఉబ్బు లేకపోతే అది చాలావరకు ఎదుగుదలే.

అల్ట్రాసౌండ్ కీలు నడిమధ్యకి వెళ్లలేదు. ఎముక లోపలి వాపు, లోపలి గుల్లలు దానికి అందవు. స్కానింగు బాగుండి బాబు మాత్రం కుంటుతున్నాడంటే అప్పుడు ఎమ్మారై అడగాలి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇది. కీలు వేడెక్కినా, బాబు మెట్లు దిగేటప్పుడు ఒక కాలు వెనకేసినా, గొంతుక్కూర్చోలేకపోయినా ముందు ఫ్యాక్టర్, తర్వాతే స్కానింగు. అపాయింట్‌మెంట్ కోసం ఫ్యాక్టర్ ఆపకండి. కిలోకి 1 యూనిట్ ఫ్యాక్టర్ 8 ఎక్కిస్తే స్థాయి సుమారు 2 శాతం పెరుగుతుంది. అంటే 20 కిలోల మీ బాబుకి 500 యూనిట్ల వయల్ ఒకటి సుమారు 50 శాతానికి చేరుస్తుంది. ఎంత, ఎన్నిసార్లు అన్నది మీ డాక్టరు చెప్పినట్టే. రిపోర్టులో నీరు ఉందని రాస్తే, సూదితో తీయిస్తే పోతుందని ఎవరైనా చెప్పొచ్చు. హెమటాలజిస్టుని (రక్తవ్యాధుల డాక్టరుని) అడగకుండా, ఫ్యాక్టర్ ఎక్కించకుండా ఆ కీల్లో సూది పెట్టనివ్వకండి. బెణికిందని నూనె మర్దన, పసరు కట్టు కూడా వద్దు. నొప్పికి పారాసెటమాల్ ఇవ్వొచ్చు. బ్రూఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

పొర స్కోరు 1 లేదా 2 వస్తే రిపోర్టు ఫైల్లో పెట్టి ఊరుకుంటే ఖర్చు దండగ. ఫ్యాక్టర్ మోతాదు పెంచాలా, రోజులు దగ్గర చేయాలా, ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలెట్టాలి అని హెమటాలజిస్టుని అడగండి. మూడు నెలలకి అదే కీలు మళ్లీ చూపించండి. అంతా సున్నా అయితే ఏడాదికోసారి చాలు. రక్తం రాకుండా ముందుజాగ్రత్తగా వేసే ఎమిసిజుమాబ్ ఇంజెక్షన్ మీద ఉన్న పిల్లలకీ ఇది వర్తిస్తుంది. కీళ్లలో రక్తం రావడం బాగా తగ్గుతుంది, కానీ పాత పొర సంగతి చూస్తూనే ఉండాలి.

ఇప్పుడు ఊరి సంగతి. కొన్ని దేశాల్లో హీమోఫీలియా క్లినిక్‌లోనే ఫిజియోథెరపిస్టు చిన్న మిషను పెట్టి చూసేస్తాడు. మన దగ్గర పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడా మగా చూడడాన్ని నిషేధించేది) వల్ల ప్రతి అల్ట్రాసౌండ్ మిషనూ రిజిస్టరైన చోటే ఉండాలి, అర్హత ఉన్న డాక్టరే వాడాలి. కాబట్టి రేడియాలజీకి వెళ్లక తప్పదు. తెనాలి నుంచి గుంటూరు దగ్గర. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) అయినా, విజయవాడ జీజీహెచ్ అయినా, కొత్తపేట, సూర్యారావుపేటల్లో ప్రైవేటు సెంటరైనా ముందు ఫోన్ చేసి అడగండి: లీనియర్ ప్రోబ్ ఉందా, డాక్టరు కీళ్లు చూస్తారా, పిల్లలవి చూస్తారా? అవునంటేనే వెళ్లండి. చీటీలో ఇలా రాయించుకోండి: "హీమోఫీలియా ఎ, సివియర్. రెండు మోచేతులు, మోకాళ్లు, చీలమండలు. పొర మందం, గుజ్జు, ఎముక అంచు, నీరు, పవర్ డాప్లర్ విడివిడిగా రాయాలి. హెడ్-యూఎస్ స్కోరు ఇవ్వాలి." పొద్దున్నే వెళ్లండి, ఆరు కీళ్లకు అరగంట పైనే పట్టొచ్చు, ఆకలి మీదున్న పిల్లాడు కదలకుండా ఉండడు. ఎండాకాలమైతే వెంట తీసుకెళ్లే ఫ్యాక్టర్ ఐస్ బాక్సులో పెట్టండి, వయల్‌కి గుడ్డ చుట్టండి, ఐస్ నేరుగా తగిలి గడ్డకట్టకూడదు. చివరిసారి రక్తం వచ్చిన తేదీ, చివరి ఫ్యాక్టర్ తేదీ, మోతాదు చీటీ వెనక రాసుకుని స్కానింగు మొదలవకముందే డాక్టరుకి చూపించండి. బొమ్మలు సీడీలో అడిగి తీసుకోండి. మళ్లీసారి వీలైతే అదే డాక్టరు దగ్గరికి, ఆ సీడీతోనే వెళ్లండి.