నీలి చుక్కను చూసి తొందరపడకు

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. 47 టుకానే అనే గ్లోబ్యులర్ క్లస్టర్‌లో, అంటే లక్షల నక్షత్రాలు కిక్కిరిసిన గుచ్ఛంలో, పల్సర్ల (గిరగిరా తిరుగుతూ రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రాల) చుట్టూ తిరిగే తోడు తారలను హబుల్ టెలిస్కోపు చిత్రాల్లో వెతికే పని నీకిచ్చారని మీ నాన్న చెప్పాడు. హైదరాబాద్ నుంచి చూస్తే ఆ గుచ్ఛం దిగంతాన్ని రాసుకుని పోతుంది, కంటికి ఆనదు. నువ్వైనా తనివితీరా చూడు.

పని మొదలుపెట్టే ముందు ఒంటరి పల్సర్లను జాబితాలోంచి కొట్టెయ్. ఆ గుచ్ఛంలో సి, డి అని పేరుపెట్టిన పల్సర్ల లాంటి వాటికి తోడే లేదు, వెతికి లాభం లేదు.

ఇక అసలు తిప్పలు స్థానంతోనే. స్పందనలు అందే వేళలను కొలిచే రేడియో టైమింగ్ పల్సర్ చోటును ఆర్క్‌సెకనులో (డిగ్రీలో 3600వ వంతులో) వెయ్యో వంతుకు అటూ ఇటూగా చెబుతుంది. హబుల్ పాత చిత్రాల ఫైలు మొదట్లో వివరాలు రాసే హెడర్‌లో ఉన్న నిర్దేశాంకాలు మాత్రం ఏకంగా ఆర్క్‌సెకను దాకా జరిగి ఉండేవి. గుచ్ఛం నడిబొడ్డున అంత జాగాలో ఎన్ని చుక్కలు ఇరుక్కుంటాయో నీకు తెలుసు. నీ వయసులో నేను హెడర్‌నే నమ్మాను. గుర్తు పెట్టిన చోట ముచ్చటైన నీలి చుక్క దొరికింది. ఐదు నెలలు దాని చుట్టూ తిరిగాను. తీరా లెక్క సరిచేస్తే పల్సర్ పక్కవీధిలో ఉంది!

అందుకే మొదటి నెలంతా స్థానాలకే పెట్టు. చిత్రాన్ని గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్ర స్థానాల కేటలాగుకు బిగించు. నడిబొడ్డు కిక్కిరిసిన చోట గయాకే కళ్లు తిరుగుతాయి, అంచు నక్షత్రాలను ఆధారం చేసుకో. గయా మూడో విడత స్థానాలు 2016 నాటివి. నీ చిత్రం ఏ ఏడాదిదో చూసి, ఆలోగా నక్షత్రాలు కదిలినంతా జరుపు. 2001లో 47 టుకానే యు అనే పల్సర్ తోడును పట్టినవాళ్లకు గయా లేదు పాపం. చంద్ర అనే అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఎక్స్‌రే చిత్రంలో పల్సర్లూ కనిపిస్తాయి, హబుల్‌కు చిక్కే జంట నక్షత్రాలూ కనిపిస్తాయి. దాన్నే మధ్యవర్తిగా పెట్టి రేడియోకూ హబుల్‌కూ లంకె కుదిర్చారు.

అతినీలలోహిత ఫిల్టర్ చిత్రాలతో మొదలుపెట్టు. ఎర్రటి మహాతారలు అందులో మసకబారి, చోటు తెరిపిన పడుతుంది. నక్షత్రాల రంగునూ వెలుగునూ గీసే రంగు-ప్రకాశ పటంలో ప్రధాన క్రమానికీ (మామూలు నక్షత్రాల వరుసకూ) మామూలు శ్వేతకుబ్జాల (ఇంధనం అయిపోయాక మిగిలిన నక్షత్ర గర్భాల) వరుసకూ మధ్య ఖాళీలో పడితే అది హీలియం శ్వేతకుబ్జం కావొచ్చు. ఆశ పుడుతుంది, పుట్టనీ. కానీ పల్సర్ చోటు చుట్టూ వెతకడానికి గీసిన వృత్తాన్నే చిత్రంలో వేరే వెయ్యి చోట్ల వేసి, అలాంటి చుక్క ఎన్నిసార్లు కాకతాళీయంగా పడుతుందో లెక్కపెట్టు.

తిరుగులేని సాక్ష్యం కక్ష్యా కాలం. ఎన్‌జీసీ 6397లోని పల్సర్ తోడు సాగిన బంతిలా ఉండి, 1.35 రోజుల ఒక చుట్టులో రెండుసార్లు వెలుగు పెంచుకుంటుంది. పల్సర్ వేడికి ఒక పక్కే కాలిన తోడైతే చుట్టుకు ఒక్కసారే, అదీ పల్సర్ మనకూ దానికీ మధ్యకు వచ్చినప్పుడు. ఇలాంటి జంటల కక్ష్య నిలకడగా ఉండదు. పదేళ్ల కిందటి టైమింగ్‌ను నేటి చిత్రానికి సాగదీయకు. శ్వేతకుబ్జాల వెలుగు దాదాపు మారదు కనుక అక్కడ స్థానం, రంగు, గుచ్ఛంతో కలిసి కదలడమే దిక్కు. ఆ శ్రమ ఊరికే పోదులే. గుచ్ఛం గురుత్వం లాగడం వల్ల పల్సర్ తన చుట్టూ తాను తిరిగే వేగం తగ్గే లెక్కతో వయసు కట్టలేం, చల్లారే శ్వేతకుబ్జం దాన్ని చెబుతుంది.

ఏమీ కనబడకపోతే చిత్రంలో కృత్రిమ నక్షత్రాలు చల్లి, వాటిని మళ్లీ వెతికి, ఎంత మసకదాకా చూడగలిగావో రాయి. పట్టిక తయారయ్యాక నాకు పంపు. ఆ నీలి చుక్క సంగతి మాత్రం మీ నాన్నకు చెప్పకు.

ఇట్లు,
అత్త