అక్షరాలు ఆరే, గదులు మాత్రం ఏడు

ప్రశ్న: సి భాషలో ఆరు గదుల చార్ అరే (ఒక్కో బైటు పట్టే గదుల వరుస) తీసుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘గుంటూర్’ (ఆరు అక్షరాలు) పెట్టాను. కంపైల్ అయింది. ప్రింట్ చేస్తే పేరు వెనక పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఎందుకండీ?

జవాబు: ఏడో గది లేక. స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఎక్కడ ముగిసిందో చెప్పేది చివర ఉండే నల్ అక్షరం, దాని విలువ 0. ప్రింట్ చేసే ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్ ఆ సున్నా కనబడేదాకా చదువుతూనే పోతుంది. మీ అరేలో అది లేదు కాబట్టి పక్క మెమరీలోకి వెళ్లిపోయింది. చిత్రమేమిటంటే, ఇలా సున్నా వదిలేయడాన్ని సి ఒప్పుకుంటుంది, సి ప్లస్ ప్లస్ ఒప్పుకోదు. బ్రాకెట్లలో అంకె వేయకుండా ఖాళీగా వదలండి. కంపైలరే లెక్కపెట్టి ఏడు గదులిస్తుంది.

కీబోర్డు నుంచి తీసుకునేటప్పుడు ఇది కుదరదు. వంద గదులు పెట్టి, లైను చదివే ఎఫ్‌గెట్స్‌కు, అరే సైజు చెప్పే సైజాఫ్‌తో పరిమాణం ఇవ్వండి. ఎంటర్ నొక్కిన గుర్తు కూడా అందులో చేరుతుంది, దాన్ని సున్నాగా మార్చాలి. హద్దు చెప్పని స్కాన్‌ఎఫ్ (ఇన్‌పుట్ చదివే మరో ఫంక్షన్) వద్దు: ఖాళీ దగ్గర ఆగిపోతుంది, పొడుగు పేరొస్తే అరే దాటి రాసేస్తుంది.

అదే ‘గుంటూరు’ తెలుగులో రాస్తే? అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో గుణింతపు గుర్తులూ అనుస్వారం (ం) కలిపి ఏడు సంకేతాలు, ఒక్కోటి 3 బైట్లు. బైట్లు లెక్కపెట్టే స్ట్రింగ్‌లెన్ (strlen) 21 అంటుంది, చివరి నల్‌తో కలిపి గదులు 22 కావాలి.