సిర్ఫిడ్ ఈగల ప్యూపాల నుంచి కందిరీగలు వస్తుంటే మందు చల్లాలా?

పేనుబంక పట్టిన క్యాబేజీ ఆకుల మీద నుంచి సిర్ఫిడ్ ఈగల (వీటి పిల్లపురుగులు పేనుబంకను తింటాయి) ప్యూపాలను, అంటే పిల్లపురుగు ఈగగా మారే దశలోని గూళ్లను, ఏరి సీసాలో ఉంచితే, వాటిలో చాలావాటి నుంచి ఈగలకు బదులు సన్నని కందిరీగలు వచ్చాయని, మిత్ర పురుగులను చంపుతున్న ఈ కందిరీగలను మందు చల్లి వదిలించుకోవచ్చా అని మీరు అడిగారు. చల్లవద్దు. ఇదే దృశ్యం చూసి నేనూ ఒకప్పుడు ఇలాగే కలవరపడ్డాను. తొందరపాటుతో నేను చేసిన పని తప్పని గ్రహించడానికి రెండు పంటకాలాలు పట్టింది.

నల్లని వక్షం, ఉదరం మధ్యలో నారింజ ఎరుపు, వెనుక కాళ్ల మీద నలుపు, తెలుపు, ఎరుపు పట్టీలు అని మీరు రాసిన పోలికలను బట్టి అది డిప్లజోన్ లెటటోరియస్ అనే కందిరీగ అయి ఉండాలి. 1781లో ఫాబ్రీషియస్ అనే శాస్త్రవేత్త వర్ణించిన ఈ బదనిక (మరో పురుగు ఒంట్లో పెరిగి దాన్ని చంపే పురుగు) దాదాపు ప్రపంచమంతటా కనిపిస్తుంది. చాలా చోట్ల ఇందులో ఆడవే ఉంటాయి, మగదానితో జతకట్టకుండానే సంతానాన్ని కంటాయి. పేనుబంక విసర్జించే తేనెబంక వాసనే దీనికి దారి చూపుతుంది. పేనుబంక గుంపు పక్కన సిర్ఫిడ్ ఈగ పెట్టిన తెల్లని గుడ్డులో గానీ, అప్పుడే పొదిగిన పిల్లపురుగులో గానీ ఇది తన గుడ్డును చొప్పిస్తుంది. ఆ గుడ్డు నుంచి వచ్చిన కందిరీగ పిల్ల వెంటనే పెరగదు. ఆతిథేయి, అంటే దాన్ని మోస్తున్న ఈగ పిల్లపురుగు, పూర్తిగా ఎదిగి, దాని చర్మం గట్టిపడి నీటిబొట్టు ఆకారపు ప్యూపాగా మారేదాకా అది లోపల చిన్నదిగానే ఉండి, ఆ తరువాతే వేగంగా తిని, ఆ గూటిలోనే తన రూపం మార్చుకుంటుంది.

మీ ప్రశ్నకు జవాబు సరిగ్గా ఈ జీవితక్రమంలోనే ఉంది. లోపల కందిరీగ గుడ్డును మోస్తున్న పిల్లపురుగు పేనుబంకను తినడం మానదు. ఎపిసిర్ఫస్ బాల్టియేటస్ వంటి సిర్ఫిడ్ ఈగ పిల్లపురుగు ప్యూపాగా మారేలోగా వందలాది పేనుబంక పురుగులను తింటుంది. బదనిక సోకినదీ సోకనిదీ మీ ఆకు మీద పక్కపక్కనే పనిచేస్తున్నప్పుడు రెండింటికీ తేడా చెప్పడం కష్టం. అంటే మీరు సీసాలో చూసిన చావులు, ఆ పురుగులు ఈ విడత పని ముగించిన తరువాత జరిగినవి. నష్టం లేదని నేను అనడం లేదు, కానీ ఆ నష్టం ఇప్పటి పేనుబంక మీద కాక, రాబోయే తరానికి గుడ్లు పెట్టవలసిన తల్లి ఈగల సంఖ్య మీద పడుతుంది. కాబట్టి మన శ్రద్ధ కందిరీగను చంపడం మీద కాకుండా, మిగిలిన ఈగలను నిలబెట్టడం మీద ఉండాలి.

ఖాళీ ప్యూపాలను పారవేయకుండా భూతద్దంతో చూడండి. ఈగ బయటికి వచ్చి ఉంటే గూటి ముందుభాగం మూత ఊడినట్టు తెరుచుకుంటుంది. డిప్లజోన్ వచ్చి ఉంటే అంచులు కొరికినట్టున్న ఒకే పెద్ద రంధ్రం కనిపిస్తుంది. చిన్న చిన్న రంధ్రాలుండి, ఒకే గూటి నుంచి అనేక పొట్టి కందిరీగలు వస్తే అవి బోత్రియోథొరాక్స్ వంటి వేరే బదనికలు కావచ్చు. సిర్ఫిడ్ ఈగల మీద పడే పాకీన్యూరాన్ అనే మరో రకం కందిరీగలు మాత్రం పిల్లపురుగు జోలికి పోకుండా, తయారైన ప్యూపా మీదనే గుడ్లు పెడతాయి.

ఇక నా తప్పు సంగతి. సీసాలో కందిరీగలను చూసిన మరునాడే నేను తోటలోకి వెళ్లి, పేనుబంక గుంపుల మీద తిరుగుతున్న చిన్న నల్లని కందిరీగలను కనిపించినవి కనిపించినట్టు నలిపేశాను. వాటిలో ఎక్కువభాగం పేనుబంక లోపలే గుడ్లు పెట్టి, దాన్ని గోధుమరంగు మమ్మీగా మార్చే మిత్ర కందిరీగలని తరువాత అదే ఆకుల మీద ఉబ్బి గట్టిపడిన మమ్మీలను చూసినప్పుడు తెలిసింది. నన్ను కాపాడుతున్న పురుగులనే నా చేతులతో చంపుకున్నానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. దగ్గరగా చూసిన మనిషికే సాధ్యం కాని విచక్షణ పురుగుమందుకు అసలే ఉండదు. అది సిర్ఫిడ్ ఈగలను, అక్షింతల పురుగులను, మిత్ర కందిరీగలను కలిపి తుడిచేస్తుంది, త్వరగా సంతానాన్ని పెంచుకోగల పేనుబంక మాత్రం వాటికన్నా ముందే తిరిగి వస్తుంది.

ఆ తరువాత నుంచి నేను పంటలో ఒక పక్క కొద్దిపాటి పేనుబంకను కావాలనే ఉండనిస్తున్నాను, ఎందుకంటే అది లేనిచోట ఈగ సాధారణంగా గుడ్డు పెట్టదు. గట్ల మీద ధనియాలు, సోంపు వంటి విచ్చుకున్న చిన్న పూల మొక్కలను విడతలు విడతలుగా విత్తుతున్నాను. పొట్టి నోరున్న ఈ ఈగలకు లోతైన పూల మకరందం అందదు, గుడ్లు ఎదగడానికి వాటికి పుప్పొడి కూడా అవసరం. అయితే అవే పూల మకరందం కందిరీగలకూ ఆహారమవుతుందని మరచిపోకూడదు. అయినా పూలను తీసివేయమని నేను చెప్పను, ఎందుకంటే పూలు లేకపోతే ఎక్కువగా నష్టపోయేది ఈగే. నా అనుభవంలో బదనికల తాకిడి పంటకాలం చివరలోనే పెరుగుతుంది. అందుకే మొదటి తరం ఈగలు త్వరగా వచ్చేలా పూత ముందుగానే సిద్ధంగా ఉండేటట్టు చూసుకుంటాను.

వలకట్టిన గృహంలో పెంచేవారి పరిస్థితి వేరు. అక్కడికి వదిలిన ఈగలతో పాటు కందిరీగలు ఒకసారి చేరితే బయటికి పోయే దారి ఉండదు కనుక, ప్యూపాలను ఏరి విడిగా సీసాల్లో ఉంచి, బయటికి వచ్చిన ఈగలను మాత్రమే లోపలికి వదలడం మంచిది. సీసా మూతికి సన్నని గుడ్డ కట్టి, నేరుగా ఎండ తగలని చోట పెట్టి, ఆకుముక్క బూజు పట్టకుండా చూసుకోండి. రెండు మూడు వారాలు దాటినా ఏమీ రాని ప్యూపాలను చచ్చినవని తొందరపడి పారవేయవద్దు. చలికాలాన్ని గూటిలోనే గడిపే బదనికలు ఉన్నాయి, అవి నెలల తరువాత వెచ్చదనం తగిలినప్పుడు బయటికి వస్తాయి.