పేర్లు తీసేస్తే సరిపోదు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ డేటా సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. డేటా ప్రైవసీ రంగంలోకి వెళ్తానంటోంది. అది లాయర్లు చూసుకునే పని కాదా? ఇంజినీరుకు అందులో ఏముంటుంది?
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: చట్టం పాత్ర ఉన్న మాట నిజమేనండి. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. అయితే చట్టం కోరిన రక్షణను కంప్యూటర్లలో అమలుచేసి చూపవలసింది ఇంజినీర్లే.

అదెంత కష్టమో ఒక ఉదంతం చెబుతాను. 1990ల మధ్యలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు, చిరునామాలు తొలగించి పరిశోధకులకు ఇచ్చారు. పుట్టిన తేదీ, లింగం, మన పిన్‌కోడ్ వంటి జిప్ కోడ్ మాత్రం అందులో మిగిలాయి. అప్పటికి విద్యార్థినిగా ఉన్న లటాన్యా స్వీనీ కేంబ్రిడ్జ్ నగర ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని, రెండింటినీ సరిపోల్చి చూశారు. గవర్నర్ విలియం వెల్డ్ పుట్టిన తేదీనే పుట్టినవారు ఆ జాబితాలో ఆరుగురు. వారిలో పురుషులు ముగ్గురు. ఆ ముగ్గురిలో గవర్నర్ జిప్ కోడ్‌లో ఉన్నది ఆయన ఒక్కరే. గవర్నర్ వైద్య వివరాలు అలా బయటపడ్డాయి.

ఈ చిక్కుకు గణితం ఇచ్చిన గట్టి సమాధానం, 2006లో సింథియా డ్వర్క్, ఆమె సహచరులు ప్రతిపాదించిన డిఫరెన్షియల్ ప్రైవసీ. దాని సారం సర్వేల్లో వాడే ఒక నాణెం పద్ధతిలో తేలిగ్గా తెలుస్తుంది. పరీక్షలో కాపీ కొట్టారా అని 1000 మంది విద్యార్థులను అడగాలనుకోండి. ఒక్కొక్కరూ చాటుగా నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడితే నిజం చెబుతారు. బొరుసు పడితే మళ్లీ ఎగరేసి, ఈసారి బొమ్మకు ‘అవును’ అని, బొరుసుకు ‘కాదు’ అని చెబుతారు. మొత్తం 400 ‘అవును’లు వస్తే, సుమారు 250 నాణెం చెప్పించినవి, మిగిలిన 150 నిజం చెప్పిన 500 మందివి. కాపీ కొట్టినవారు దాదాపు 30 శాతమని తేలింది, కానీ ‘అవును’ అన్న ఏ విద్యార్థినీ పట్టుకుని నిలదీయలేం. ఇదే ఆలోచనను ఎంతో విస్తరించి 2020 అమెరికా జనగణన ఫలితాల విడుదలలో వాడారు.

కాబట్టి మీ అమ్మాయి ముందుగా ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ గట్టిగా చదవాలి. సర్టిఫికెట్లు పోగుచేసుకోవడం కన్నా ఒక్క ప్రాజెక్టు శ్రద్ధగా చేయడం మేలని నా నమ్మకం. ఏఐ మోడళ్లను తయారుచేసే సాఫ్ట్‌వేర్ పైటార్చ్‌తో కలిసి పనిచేసే డిఫరెన్షియల్ ప్రైవసీని జోడించే ఒపాకస్ అనే ఉచిత లైబ్రరీతో చిన్న మోడల్‌కు శిక్షణ ఇచ్చి, రక్షణ స్థాయిని తెలిపే ఎప్సిలాన్ అనే అంకెను తగ్గించి రక్షణ పెంచినకొద్దీ మోడల్ కచ్చితత్వం ఎంత పడిపోతోందో గ్రాఫ్ గీయమనండి. కొత్తగా చదువు ముగించినవారికి నేరుగా ప్రైవసీ ఇంజినీర్ ఉద్యోగాలు తక్కువే. మొదట డేటా ఇంజినీరింగ్‌లోనో సెక్యూరిటీలోనో చేరవలసి వస్తే వెనకాడవద్దు. ఆ ఇంటర్వ్యూల్లోనూ ఈ గ్రాఫ్‌ను వివరించగలగడం ఆమెకు అక్కరకొస్తుంది.