బయాప్సీకి భయపడి గర్భసంచిని వదులుకోకండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మీకు 52 ఏళ్ళు. నెలసరి ఆగి ఏడాది దాటిన తరువాత ఈ మధ్య రెండు రోజులు రక్తపు మరకలు కనిపించాయి. స్కానింగులో గర్భసంచి లోపొర మందం 7 మిల్లీమీటర్లని వచ్చింది. లోపొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలని డాక్టరుగారు అంటుంటే, ఆ పరీక్ష చాలా నొప్పిగా ఉంటుందని విని మీరు వెనుకాడుతున్నారు. ఇంట్లోవాళ్ళు మాత్రం "ఈ తతంగమంతా ఎందుకు, గర్భసంచి తీయించేసుకుంటే పోతుంది కదా" అంటున్నారు. నా సమాధానం: పరీక్ష చేయించుకోండి, ఆలస్యం చేయకండి. ఇంట్లోవాళ్ళ సలహాను మాత్రం ఆ రిపోర్టు చేతికి వచ్చేవరకు పక్కన పెట్టండి. నేను డాక్టరును కాను. హైదరాబాదులోని ఒక జూనియర్ కళాశాలలో చాలాకాలంగా అర్థశాస్త్రం చెబుతున్నదాన్ని, దాదాపు మీలాగే ఈ రెండు సలహాల మధ్య నలిగినదాన్ని.

మీ విషయంలో చూడవలసింది వయసును కాదు, నొప్పిని కాదు. ఏడాదిపాటు నెలసరి లేకుండా ఉన్న తరువాత రక్తం కనిపించిందన్న సంగతి ఒక్కటే ఇక్కడ ముఖ్యం. వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే మెనోపాజ్ వచ్చిందని వైద్యులు అంటారు కాబట్టి, ఆ గడువు దాటాక కనిపించినది ఒక్క మరకే అయినా "మళ్ళీ నెలసరి మొదలైందేమో" అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. అలా రక్తం కనిపించిన స్త్రీలలో ఎక్కువమందికి కారణం ప్రమాదం లేనిదే అవుతుంది. హార్మోను తగ్గి పొర పలచబడి ఉంటుంది, లేదా పాలిప్ అనే చిన్న కండ పెరిగి ఉంటుంది. అయితే నూటికి సుమారు 9 మందిలో గర్భసంచి లోపొర క్యాన్సర్ బయటపడుతుందని, అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2018లో ప్రచురించిన ఒక విశ్లేషణ తేల్చింది. ముట్లుడిగాక ఈ క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో దాదాపు 90 శాతం మందికి ముందుగా రక్తం కనిపించిందని కూడా అదే విశ్లేషణలో ఉంది. జబ్బు గర్భసంచి దాటకముందే దొరికితే, అమెరికా లెక్కల ప్రకారం, ఐదేళ్ళు దాటి బ్రతికేవారు నూటికి 90 మందికి పైనే ఉంటారు. ఇంత ముందుగా జాడ చెప్పే క్యాన్సర్లు ఎక్కువ లేవు కాబట్టి, ఆ జాడను చూసి కూడా ఊరుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

స్కానింగులో మందం 4 మిల్లీమీటర్లు, లేదా అంతకన్నా తక్కువ ఉంటే క్యాన్సర్ అవకాశం నూటికి ఒకటికన్నా తక్కువే కాబట్టి, ముక్క తీయకుండా వేచి చూడవచ్చని అమెరికా స్త్రీవైద్య నిపుణుల సంఘం చెబుతుంది. అలాంటివారికి కూడా రక్తం మళ్ళీ మళ్ళీ కనిపిస్తే బయాప్సీ చేయాల్సిందే. మీకు వచ్చినది 7. దానర్థం మీకు క్యాన్సర్ ఉందని కాదు. స్కానింగ్ ఒక్కదాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండే అవకాశం లేదని మాత్రమే. ఊబకాయం, షుగరు, బీపీ ఉన్నా, రొమ్ము క్యాన్సరుకు టామాక్సిఫెన్ మాత్రలు వాడుతున్నా, ఇంట్లో తల్లికో అక్కకో గర్భసంచి క్యాన్సర్ గానీ పెద్దపేగు క్యాన్సర్ గానీ వచ్చి ఉన్నా ఆ సంగతులు డాక్టరుగారికి తప్పక చెప్పండి. "నాకు ప్యాప్ స్మియర్ నార్మల్ వచ్చింది, ఇంకేం భయం" అనుకునేవారిని చాలామందిని చూశాను. ఆ పరీక్ష గర్భసంచి ముఖద్వారానికి సంబంధించినది, లోపొర సంగతి అది చెప్పదు.

ఇక నా సంగతి. నాకు 48వ ఏట నెలసరి క్రమం తప్పింది. నెలకు రెండుసార్లు రావడం మొదలై, తరువాత వారాల తరబడి ఆగకుండా పోయింది. కళాశాలకు వెళ్ళేటప్పుడు సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళేదాన్ని, రెండో అంతస్తులోని తరగతికి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. మా దగ్గరలోని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్తే, అక్కడి డాక్టరుగారు స్కానింగ్ కాగితం చూసి, లోపొర మందంగా ఉందని, చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ కూడా ఉందని, గర్భసంచి తీసేయడమే మంచిదని చెప్పి, నేను కుర్చీలో సరిగా కూర్చునేలోగానే ఆపరేషన్ తేదీ రాసిచ్చారు. బయట బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి బీమా కార్డు అడిగి, "మీవారి సంతకం కూడా కావాలి మేడమ్" అంది. ఇంటికి వచ్చి చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. మా ఆడపడుచుకు నల్లగొండలో ముప్పై ఆరో ఏటనే తీసేశారు. "ఇద్దరు పిల్లలు పుట్టారు కదా వదినా, ఇంకా దానితో మనకు పనేముంది" అంది ఆవిడ. మా వీధిలో నా ఈడు స్త్రీలలో గర్భసంచి ఉన్నవారెవరో, లేనివారెవరో ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పింది.

ఆ మాట అతిశయోక్తి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది ఉన్నారు. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ళ గర్భసంచులకు మాత్రమే ఇన్ని జబ్బులు వస్తాయంటే నేను నమ్మను. లోపల ఏముందో చూడకుండానే తీసేసే అలవాటు మనకు ముదిరిపోయిందని నా గట్టి అభిప్రాయం. కొద్ది నిమిషాల్లో అయిపోయే పరీక్షకు వణికిపోయే మనమే, కడుపు కోసి ఒక అవయవాన్ని తీసేస్తామంటే మారుమాట్లాడకుండా సంతకం పెడతాం.

నా అదృష్టం కొద్దీ మా కళాశాలలోని ఒక పెద్దావిడ, నారాయణగూడలో ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న ఒక వృద్ధ వైద్యురాలి దగ్గరకు నన్ను తీసుకెళ్ళారు. ఆ డాక్టరమ్మ నా ఫైలంతా ఓపికగా తిరగేసి, "లోపల ఏముందో ఎవరైనా చూశారా తల్లీ?" అని అడిగారు. ఎవరూ చూడలేదు. 45 దాటినవారికి ఇలా క్రమం తప్పి రక్తస్రావమైతే ముందు లోపొర ముక్క పరీక్ష చేయాలని, నెలసరి ఇంకా పూర్తిగా ఆగనివారికి పొర మందం నెలలోనే పెరిగి తరుగుతుంది కాబట్టి 4 మిల్లీమీటర్ల లెక్క నాకు వర్తించదని ఆవిడే నాకు విడమరచి చెప్పారు. హిస్టరోస్కోపీ, అంటే సన్నని కెమెరా గొట్టంతో లోపల చూడటం, దానితోపాటే బయాప్సీ, రెండూ తన క్లినిక్కులోనే పూర్తి మత్తు లేకుండా చేస్తానన్నారు. అవసరమనుకుంటే మత్తు ఇచ్చే ఏర్పాటున్న చోట చేయించుకునే స్వేచ్ఛ కూడా నాదేనన్నారు.

ఆ రోజు అన్నం తిని, ఆవిడ చెప్పినట్టే గంట ముందు నొప్పి మాత్ర వేసుకుని వెళ్ళాను. చిన్న గది, గోడకు పాత క్యాలెండరు, నా తలవైపు కెమెరా బొమ్మ చూపే ఒక తెర. పక్కన నిలబడిన నర్సమ్మ చేయి పట్టుకుని, "ఆపండి అంటే ఆపేస్తారు, భయపడకండి" అంది. ఆ ఒక్క మాట నాకు మాత్రకన్నా ఎక్కువ పనిచేసింది. పరికరం లోపలికి పెట్టేటప్పుడు బిగుసుకుపోకుండా గట్టిగా ఊపిరి వదలమన్నారు. గొట్టంలోంచి ఉప్పునీరు వెళ్తుంటే పొత్తికడుపు బరువెక్కింది, ఆపైన నెలసరి మొదటిరోజు నొప్పికన్నా ఎక్కువైన పోటు వచ్చింది. అది నొప్పి కాదని నేను మీతో అనను. ముక్క తీసిన ఆ కొన్ని క్షణాలు పళ్ళు బిగబట్టాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ డాక్టరమ్మ తెర నావైపు తిప్పి, ఎర్రని గోడ నుంచి వేలాడుతున్న చింతగింజంత కండను చూపించి, "ఇదీ మీ రక్తానికి కారణం, ఇది పాలిప్" అన్నప్పుడు, నా ఒంట్లో జరుగుతున్నదేమిటో మొదటిసారి నాకు అర్థమైంది. ఆ ఆసుపత్రిలో నాకు తేదీ ఇచ్చారు, ఇక్కడ కారణం చూపించారు. లేచి కూర్చుని టీ తాగి, మా ఆయన స్కూటరు మీద ఇంటికి వచ్చేశాను. రెండు మూడు రోజులు కొద్దిగా మరకలు, సాయంత్రాలు సన్నని పోటు, అంతే.

రిపోర్టులో పాలిప్ హానిలేనిదని, లోపొర కొంత మందంగా ఉన్నా కణాల్లో అసహజ మార్పు, అంటే అటిపియా, లేదని వచ్చింది. పాలిప్‌ను ఆ తరువాత కొద్దిసేపు మత్తు ఇచ్చి, కోత లేకుండా అదే దారిన తీసేశారు. పొరకు కొన్ని నెలలు ప్రొజెస్టరోన్ అనే హార్మోను మాత్రలు వాడి, మళ్ళీ ఒకసారి ముక్క తీసి చూసి, సరిపోయిందన్నారు. అటిపియా లేని హైపర్‌ప్లేసియా, అంటే లోపొర ఇలా మందంగా పెరగడం, 20 ఏళ్ళలో క్యాన్సరుగా మారే అవకాశం నూటికి 5కన్నా తక్కువ. అటిపియా ఉంటే మాత్రం గర్భసంచి తీసేయడమే సరైన సలహా. ఈ రెండింటిలో మనది ఏదో స్కానింగ్ చెప్పలేదు, బయాప్సీయే చెబుతుంది. నాకు 51వ ఏట నెలసరి దానంతట అదే ఆగింది.

ఇక్కడ బీమా సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ పరీక్ష ఖర్చులో నా బీమా కంపెనీ ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు, ఎందుకంటే నేను ఆసుపత్రిలో చేరలేదు. గర్భసంచి తీయించుకుని ఉంటే మొత్తం ఇచ్చేది. అవయవాన్ని కాపాడే చిన్న పరీక్షకు చేతి డబ్బు పెట్టుకోవాలి, దాన్ని తీసేసే పెద్ద ఆపరేషన్‌కు మాత్రం డబ్బు వస్తుంది. నెలవారీ జీతాల మీద బ్రతికే ఇళ్ళలో నిర్ణయం ఎటు మొగ్గుతుందో చెప్పడానికి అర్థశాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. ఇది మారాలని నేను నిజంగా కోరుకుంటున్నాను.

మీ ఇంట్లోవాళ్ళకు ఇంకో సంగతి కూడా చెప్పండి. ఒకవేళ లోపల క్యాన్సర్ ఉందనుకుంటే, అది తెలియకుండా మామూలుగా గర్భసంచి తీసేస్తే, తరువాత రిపోర్టు చూసి మళ్ళీ రెండో ఆపరేషన్ చేయవలసి రావచ్చు. ఎందుకంటే క్యాన్సరుకు చేసే శస్త్రచికిత్సలో అండాశయాలను, లసిక (లింఫ్) గ్రంథులను కూడా చూసుకోవాల్సి ఉంటుంది, అది క్యాన్సర్ సర్జన్లు చేయవలసిన పని. కాబట్టి చివరికి గర్భసంచి తీయాల్సి వచ్చినా, ముందు బయాప్సీ చేయించుకోవడం వృథా కాదు.

అయితే ప్రతివారికీ ఈ పరీక్ష కావాలని కాదు. ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క రక్తం కూడా కనిపించకపోయినా, ఏదో హెల్త్ చెకప్ ప్యాకేజీలో స్కానింగ్ చేయించుకుని, 5 అనో 6 అనో అంకె చూసి హడలిపోయి వచ్చేవారు మన నగరంలో కోకొల్లలు. రక్తం లేనివారికి 4 దాటినంత మాత్రాన బయాప్సీ చేయాలన్న నియమం లేదు. వారి విషయం డాక్టరుగారు ఇతర ప్రమాద కారణాలను బట్టి తేలుస్తారు. మీది ఆ కోవ కాదు, మీకు రక్తం కనిపించింది.

పరీక్షకు వెళ్ళేముందు, పైపెల్ అనే 3 మిల్లీమీటర్ల సన్నని ప్లాస్టిక్ గొట్టంతో ముక్క తీస్తారా, కెమెరాతో కూడా చూస్తారా అని అడగండి. పైపెల్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, పొర అంతటా వ్యాపించిన జబ్బును బాగానే పట్టుకుంటుంది, కానీ ఒకేచోట ఉన్న పాలిప్ దానికి దొరక్కపోవచ్చు. ముట్లుడిగాక లోపల పొడిబారి, ముఖద్వారం సన్నబడి ఉంటుంది కాబట్టి నొప్పికి ఏం చేస్తారో ముందే మాట్లాడుకోవడం మీ హక్కు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే చెప్పండి. ముక్క చాలలేదని రిపోర్టు వస్తే కంగారుపడకండి, పొర పలచగా ఉన్నప్పుడు తరచు అలా అవుతుంది; మీలా పొర 4 దాటి ఉన్నా, రక్తం మళ్ళీ కనిపించినా మాత్రం కెమెరా పరీక్ష చేయించుకోండి. పరీక్ష తరువాత జ్వరం, దుర్వాసన, ధారగా రక్తం, ఇవేవి కనిపించినా వెంటనే వెళ్ళండి.

సంతకం పెట్టే కాగితాన్ని పూర్తిగా చదవండి, తెలుగులో చదివి వినిపించమని అడగండి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, లోపల చూసే పరీక్షకు ఇచ్చిన అనుమతి గర్భసంచి తీసేయడానికి ఇచ్చిన అనుమతి కాదని, రోగి మత్తులో ఉండగా ఆమె తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని స్పష్టంగా చెప్పింది. మీ శరీరానికి మీ సంతకం చాలు, భర్త సంతకం చట్టం అడగదు. రిపోర్టు వచ్చాక దానితోపాటు స్లైడ్లు (ముక్క పొరలు అంటించిన గాజు పలకలు), బ్లాకు (ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మ) కూడా ల్యాబ్ నుంచి అడిగి తెచ్చి ఇంట్లో భద్రం చేయండి. అందులో అటిపియా అన్న మాట ఉంటే, రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ, పంజాగుట్ట నిమ్స్‌లో గానీ రెండో అభిప్రాయం తీసుకోవడానికి అవే కావాలి.