క్యాజువాలిటీలో చేరిన అమ్మలుకు

పెరంబూరు, చెన్నై

అమ్మలూ,

నీకు నర్సుగా క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, పోస్టింగ్ పడిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం సగం, భయం సగం. "అక్కా, ఆ రక్తం, ఆ గాయాలు చూసి అది తట్టుకుంటుందా?" అని ఒకటే అడగడం. రక్తానికి నాలుగు రోజుల్లో అలవాటు పడతావు. నా బెంగంతా ఊపిరి గురించి. రక్తం కారుతుంటే వాచ్‌మన్‌తో సహా అందరూ పరిగెత్తుకొస్తారు. ఊపిరి సన్నగిల్లుతున్న మనిషి మాత్రం మూల మంచం మీద నోరు తెరుచుకుని పడుంటాడు. వెంట వచ్చినవాళ్లు "ఇప్పుడే కాస్త నిద్ర పట్టింది సిస్టర్" అంటారు. ఆ నిద్ర ఏ నిద్రో కనిపెట్టడం నీ పని. వాట్సాప్‌లో పంపితే చూసి వదిలేస్తావని కాగితం మీద రాస్తున్నాను.

ముందు లెక్క సంగతి. ఏ ఆసుపత్రిలోనైనా కేస్‌షీట్లు తిరగేసి చూడు. బీపీ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది, పల్స్ కూడా అంతే. శ్వాస దగ్గరికొచ్చేసరికి అందరికీ 18, కాదంటే 20. వార్డంతా కూడబలుక్కుని ఊపిరి పీలుస్తున్నట్టు! ఎవరూ లెక్కపెట్టరు, అదీ విషయం. బీపీకి మిషనుంది, శాచురేషన్‌కి, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతానికి, వేలికి పెట్టే ప్రోబుంది, శ్వాసకి మాత్రం ఒక నిమిషం మంచం పక్కన నిలబడాలి. నువ్వు నిలబడు. చీము పట్టినా, లోపల రక్తం పోతున్నా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, చాలాసార్లు ముందు పెరిగేది శ్వాసే. బీపీ పడిపోయేదాకా ఆగితే చేతిలో టైమ్ ఉండదు. శాచురేషన్ 97 అని మానిటర్ చూపిస్తుంది కానీ, ఆ 97 కోసం మనిషి ఎంత అవస్థ పడుతున్నాడో అది చూపించదు.

లెక్కపెడుతున్నానని చెప్పకు. చెబితే ఎవరైనా ఊపిరి మార్చేస్తారు. పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఆ చెయ్యి అలాగే వాళ్ల ఛాతీ మీద ఆనించి, కళ్లు గడియారం మీద పెట్టు. నిండా ఒక నిమిషం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించే అలవాటు నేర్చుకోకు. ఊపిరి లయ తప్పినవాళ్లలో ఆ లెక్క పనికిరాదు. పెద్దవాళ్లకి 12 నుంచి 20 మామూలు. 25 దాటినా, 8కి దిగినా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. లెక్కపెడుతూనే మెడ చూడు, కాలరెముక పైన గుంటలు పడుతున్నాయా అని. మాట వినిపించుకో. మనవాళ్లు "ఆయాసం" అంటారు, ఇక్కడివాళ్లు "మూచ్చు ముట్టుదు" అంటారు. ఏ భాషలో చెప్పినా ఎన్ని మాటలకి ఒకసారి ఆగి గాలి పీల్చుకుంటున్నారో చూడు. రెండేసి మాటలకే ఆగుతున్నారంటే ఓపీ చీటీ, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ తర్వాత.

పసిపిల్లల్ని ఏడుస్తుండగా లెక్కపెట్టకు. తల్లి ఒళ్లోనే ఉండనిచ్చి, చొక్కా పైకెత్తి పొట్ట చూడు. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 చేరితే వేగంగా పీలుస్తున్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులివి, చీటీ మీద రాసి ఐడీ కార్డు వెనక పెట్టుకో. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, ఊపిరి వదిలినప్పుడల్లా చిన్నగా మూలుగుతున్నా లెక్క పూర్తయ్యేదాకా కూడా ఆగకు. అప్పటిదాకా ఎగపీల్చిన బిడ్డ ఉన్నట్టుండి నెమ్మదిస్తే తల్లి "తగ్గింది" అని మొక్కుకుంటుంది. బిడ్డ మగతగా, రంగు తగ్గి ఉంటే అది తగ్గడం కాదు, అలసిపోవడం.

ఇక చెవులు. గురక వస్తుంటే నాలుక వెనక్కి పడి దారి మూస్తోందని అర్థం. గురగుర వస్తుంటే గొంతులో కళ్లె, వాంతి, రక్తం ఏదో ఉంది, సక్షన్ కావాలి, అంటే గొట్టంతో పీల్చి తీసెయ్యాలి. గాలి పీల్చేటప్పుడు కీచుమంటే పైన గొంతు దగ్గరే ఇరుకైంది. వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తే కింద గొట్టాలు బిగుసుకున్నాయి. ఉబ్బసం మనిషికి ఆ పిల్లికూతలు ఆగిపోయి, ఆయాసం అలాగే ఉంటే మాత్రం పరిగెత్తు. కూత రావడానికి కూడా గాలి ఆడాలి కదా. స్టెత్ పెడితే ఏమీ వినపడని ఛాతీ కన్నా కూతలు పెట్టే ఛాతీ నయం.

ఎగశ్వాస గురించి వేరే చెప్పాలి. గుండె ఆగిన మనిషి కొన్ని నిమిషాల పాటు చేప నోరు తెరిచినట్టు అప్పుడొకసారి ఇప్పుడొకసారి ఎగపీలుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు "ఊపిరుంది, ఊపిరుంది" అని అరుస్తారు. అది ఊపిరి కింద లెక్క కాదు. పిలిస్తే పలకడు, పది సెకన్లలోపు పల్స్ దొరకలేదు అంటే ఛాతీ నొక్కడం మొదలుపెట్టు. 2010 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్లు కూడా ఊపిరి కన్నా ముందు నొక్కడమే అని క్రమం మార్చారు. 30 నొక్కులకి 2 ఊపిర్లు, అది కాలేజీలో నేర్పారుగా.

ఇప్పుడు చేతుల పని. కొత్తగా వచ్చిన పిల్లలందరికీ ఎయిర్‌వే, అంటే ఊపిరి దారి, అనగానే గొంతులోకి వేసే ట్యూబ్ మీదకే మనసు పోతుంది. ట్యూబ్ వేసేది డాక్టర్, అది వేసేదాకా మనిషిని నిలబెట్టేది నీ రెండు చేతులు. నుదుటి మీద ఒక చెయ్యి, గడ్డం ఎముక కింద రెండు వేళ్లు. తల వెనక్కి, గడ్డం పైకి. అంతే, సగం గురకలు అక్కడే ఆగిపోతాయి. మత్తిచ్చిన వాలంటీర్ల మీద ఈ సంగతి 1950ల చివర్లో బాల్టిమోర్‌లో పీటర్ సఫార్ అనే మత్తు డాక్టర్ చూపించాడు. ఇన్నేళ్లయినా దాన్ని మించిన చవక వైద్యం రాలేదు. జీఎస్టీ హైవే మీద బైక్ మీంచి పడి వచ్చిన కుర్రాడైతే మెడ విరిగిందేమోనని అనుమానించాలి కాబట్టి తల వంచకు. తల వైపు నిలబడి, చెవుల కింద దవడ మూలల వెనక వేళ్లు పెట్టి కింది దవడను ముందుకి లేపు. కింది పళ్లు పై పళ్లని దాటి ముందుకి రావాలి. దానికీ దారి తెరుచుకోకపోతే తల కొద్దిగా వంచక తప్పదు. మెడ కోసం ఊపిరి వదులుకోలేం.

పసిబిడ్డలకి తల వెనక భాగం పెద్దది, పడుకోబెడితే గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. భుజాల కింద మడిచిన టవల్ పెడితే సరిపోతుంది. లావుపాటి మనిషికి తల కింద, భుజాల కింద ఎత్తు పెట్టాలి, పక్క నుంచి చూస్తే చెవి రంధ్రం రొమ్ముటెముక పైగుంట ఎత్తుకి రావాలి. ఆయాసంతో కూర్చున్న మనిషిని మాత్రం ఈసీజీ కోసమని బలవంతంగా పడుకోబెట్టనివ్వకు. టెక్నీషియన్ విసుక్కుంటాడు, విసుక్కోనీ. ఈసీజీ వాల్చి కూర్చోబెట్టి కూడా తీయొచ్చు.

యాంబూ బ్యాగ్, అంటే మాస్కు పెట్టి చేత్తో నొక్కుతూ ఊపిరి పోసే సంచీ, పట్టడం చూడ్డానికి తేలిక, చెయ్యడానికి కాదు. బొటనవేలు, చూపుడువేలు మాస్కు చుట్టూ, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక కింద. మెత్తటి కండ మీద వేళ్లు పెడితే నాలుకను నువ్వే లోపలికి నెట్టినట్టవుతుంది. మాస్కును మొహం మీద అదమకు, దవడను మాస్కులోకి లాగు. చిన్న చేతులు నీవి, మీ అమ్మ పోలిక. ఒక్కదానివే పట్టాలని పంతానికి పోవద్దు. నువ్వు రెండు చేతులతో మాస్కు పట్టుకో, వార్డుబాయ్ చేత బ్యాగ్ నొక్కించు. పల్స్ ఉన్న పెద్దవాళ్లకి ఆరు సెకన్లకి ఒకసారి, ఛాతీ కొద్దిగా లేచేదాకా, అంతకు మించి వద్దు. టెన్షన్‌లో అందరూ గబగబా నొక్కేస్తారు. గాలి పొట్టలోకి పోయి వాంతి తన్నుకొస్తుంది, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ నొక్కు. కట్టుడు పళ్లు బిగుతుగా ఉంటే మాస్కు పట్టేటప్పుడు ఉండనీ, బుగ్గలకి ఆధారం. వదులుగా ఉంటే తీసేయ్.

నాలుక వెనక్కి పడకుండా నోట్లో పెట్టే వంపు గొట్టం ఓరల్ ఎయిర్‌వే. దాని కొలత నోటి మూల నుంచి దవడ మూల దాకా. పెడుతుంటే ఓకరిస్తే వెంటనే తీసెయ్. సక్షన్ క్యాథెటర్ లోపలికి పెట్టేటప్పుడు పీల్చనివ్వకు, బయటికి లాగేటప్పుడే. ఒకసారికి పది సెకన్లు చాలు, లాగేది కళ్లెతో పాటు ఆక్సిజన్‌ని కూడా.

ఆక్సిజన్ మాస్కుకి సంచీ ఉంటే, మొహానికి పెట్టకముందే ఆ సంచీ నిండా ఉబ్బాలి, ఆక్సిజన్ నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు పెట్టాలి. చప్పబడిన సంచీ మొహానికి కట్టి ఊరుకున్నవాళ్లని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మామూలుగా శాచురేషన్ 94 నుంచి 98 మధ్య ఉంటే చాలు. ఏళ్ల తరబడి బీడీలు కాల్చి ఊపిరితిత్తులు పాడైన తాతలకి 88 నుంచి 92 చాలు, 100 చెయ్యాలని చూస్తే మగత కమ్ముతుంది. అలాగని నీలంగా మారిన మనిషికి ఆక్సిజన్ తగ్గించకు. ప్రోబ్ పెట్టే ముందు వేలు చూడు. నెయిల్ పాలిష్, పెళ్లి గోరింటాకు, ఏసీకి చల్లబడిన చేతులు, ఇవన్నీ దాన్ని తికమక పెడతాయి. పొగలో చిక్కుకుని వచ్చిన మనిషికి అది 99 చూపించినా నమ్మకు, కార్బన్ మోనాక్సైడ్‌ని కూడా అది ఆక్సిజన్ కిందే లెక్కేస్తుంది. వాళ్ల ముక్కు వెంట్రుకలు కాలాయా, నోట్లో మసి ఉందా, గొంతు బొంగురు పోయిందా చూడు. గొంతు మారిందంటే లోపల వాపు మొదలైంది, ట్యూబ్ అప్పుడే పడాలి.

మన గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట వైపు నుంచి పాము కాటు కేసులు వస్తాయి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, కాటు దగ్గర వాపూ నొప్పీ లేకపోవచ్చు. కడుపునొప్పి అని వస్తారు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. అలాంటివాళ్లని ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమను. ఒకటి, రెండు అని తెలుగులోనే పెట్టమను, తమిళమైనా ఫరవాలేదు. ఎంతవరకు వచ్చారో టైమ్ వేసి రాయి, మాటిమాటికీ మళ్లీ పెట్టించు. అంకె తగ్గుతోందంటే ఊపిరి కండరాలు చచ్చుబడుతున్నాయి. ఈస్ట్ కోస్ట్ రోడ్డులో వడనెమ్మేలి దగ్గర, పాములు పట్టే ఇరుళర్ తెగవాళ్ల సహకార సంఘం 1978 నుంచి పాముల విషం తీసి విరుగుడు మందు యాంటీవెనమ్ తయారీకి ఇస్తోంది, ఒక సెలవు రోజు వెళ్లి చూసిరా. కానీ నరాన్ని పట్టిన కట్లపాము విషాన్ని ఆ మందు వెంటనే విడిపించలేదు, రోజుల తరబడి మనమే ఊపిరి పొయ్యాలి. ఇంకో మాట, రెప్ప కూడా ఎత్తలేకుండా పడున్న ఆ మనిషికి మన మాటలన్నీ వినపడుతుంటాయి. మంచం పక్కన నోరు జారకు.

పురుగుల మందు తాగినవాళ్లకి నోరంతా నురగ, కనుపాపలు సూదిమొనంత. ఎడమ పక్కకి తిప్పి, సక్షన్ పక్కనే పెట్టుకుని, గ్లౌజులేసుకుని బట్టలు మార్పించు.

ఒక కాలేజీ పిల్లని హాస్టల్ నుంచి తీసుకొచ్చారు ఒకసారి. లోతుగా, ఆగకుండా ఎగపీలుస్తోంది. శాచురేషన్ 99, స్టెత్ పెడితే శుభ్రం. "పరీక్షల టెన్షన్, పేపర్ కవర్‌లో ఊపిరి పీల్చమనండి" అని ఒకరన్నారు. నాకు ఆ నోటి వాసన తేడాగా అనిపించి గ్లూకోమీటర్ తెచ్చాను, అది "హై" అని చూపించింది. షుగర్ ముదిరి ఒంట్లో యాసిడ్ పెరిగితే ఊపిరి అలాగే ఉంటుంది. టెన్షన్ అనే మాట చివరికి మిగిలితేనే వాడాలి, ముందు కాదు. పేపర్ కవర్ అసలే వద్దు.

డ్యూటీ ఎక్కగానే టీకి వెళ్లకముందు నాలుగు పనులు చెయ్యి. సక్షన్ ఆన్ చేసి గొట్టం మడిచి చూడు, ముల్లు 300 దాటాలి. యాంబూ మూతిని అరచేత్తో మూసి నొక్కు, గాలి కారకూడదు. ట్యూబ్ వేసేటప్పుడు గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు వెలుగుతోందో లేదో చూడు. సిలిండర్‌లో ఎంత ఉందో, దాని స్పానర్ ఎక్కడుందో చూడు. బీ టైప్ సిలిండర్ నిండుగా ఉంటే 1500 లీటర్లు, నిమిషానికి 15 లీటర్ల చొప్పున పెడితే గంటా నలభై నిమిషాలు. స్కానింగ్‌కి తీసుకెళ్లే ముందు ఈ లెక్క వేసుకో, లిఫ్ట్ దగ్గర ఎంతసేపు పడుతుందో అది కూడా కలుపుకుని.

ఇక డాక్టర్‌కి చెప్పడం. "పేషెంట్ బాలేదు సార్, రండి" అంటే "వస్తున్నా" అని ఫోన్ పెట్టేస్తారు. "నాలుగో బెడ్, శ్వాస 36, రెండేసి మాటలే మాట్లాడుతున్నారు, 15 లీటర్ల మీద శాచురేషన్ 86, మగతగా ఉన్నారు" అను. ఫోన్ చేసిన టైమ్ కేస్‌షీట్‌లో రాయి. అప్పటికీ రాకపోతే మత్తు డాక్టర్‌కి నువ్వే ఫోన్ చెయ్యి. నన్నడగకుండా ఎందుకు చేశావని తర్వాత ఎవరైనా అరిస్తే అరవనీ, శ్వాస లెక్క రాసిన కాగితం నీ చేతిలో ఉంటుంది.

ఇట్లు,
పెద్దమ్మ